లోపం ఉండే చోటు

యంత్రం చెడిందంటే ఏదో ఒక భాగం పేరు చెప్పడం లోకంలో అలవాటు. పంపు పోయిందనో, వాల్వు పట్టేసిందనో, బేరింగు అరిగిందనో అంటారు. ఆ భాగాన్ని విప్పి కొత్తది బిగిస్తే పని అయిపోయిందనుకుంటారు. వేల సంఖ్యలో తయారయ్యే యంత్రాలకు ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే వాటి భాగాలు ఒకదానితో ఒకటి ఎలా కుదురుకోవాలో ఎన్నో ఏళ్ల వాడకంలో తేలిపోయి ఉంటుంది. లోకంలో ఒకే ఒక్కటిగా తయారైన ప్రయోగాత్మక యంత్రానికి మాత్రం ఈ పద్ధతి చాలదు. అందులో భాగాలు విడివిడిగా మంచివే అయినా, ఒక భాగం మరో భాగానికి గాలినో, ఇంధనాన్నో, బరువునో అందించే చోట ఏం జరుగుతుందో నడిపి చూసేదాకా ఎవరికీ తెలియదు. లోపం ఎక్కువగా దాగి ఉండేది ఆ కలయికల్లోనే. ఇంజిన్ చేసినవారు ఇంజిన్‌కు బాధ్యులు, పడవ మేనును గీసినవారు మేనుకు బాధ్యులు; రెండింటి మధ్యనున్న జానెడు చోటుకు బాధ్యుడెవరన్నది పరీక్షల రోజుల్లోనే తేలుతుంది.

ఈ సంగతిని అతివేగపు మోటారు పడవల చరిత్ర చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు. విమానానికి గాలి ఒక్కటే ఆధారం, కారుకు నేల ఒక్కటే ఆధారం. అతివేగపు పడవ మాత్రం నీటికీ గాలికీ సరిగ్గా నడుమ, రెండింటినీ తాకుతూ, దేనికీ పూర్తిగా చెందకుండా పరుగెత్తాలి. ఆ పడవల్లో అన్నిటికన్నా ఎక్కువగా పరిశీలనకు వచ్చినది, బ్రిటన్‌కు చెందిన డొనాల్డ్ క్యాంబెల్ నడిపిన ‘బ్లూబర్డ్ కె7’.

కె7ను రూపొందించినవారు కెన్ నారిస్, లూ నారిస్ అనే సోదరులు. 1950ల మొదట్లో ప్రొపెల్లర్ పడవలకు ఒక హద్దు కనిపించసాగింది. ప్రొపెల్లర్ మరీ వేగంగా తిరిగినప్పుడు దాని రెక్కల వెనక పీడనం పడిపోయి, నీరు అక్కడికక్కడే ఆవిరి బుడగలుగా మారుతుంది. కేవిటేషన్ అనే ఈ పరిణామం వల్ల రెక్కల పట్టు సడలుతుంది, లోహం కూడా తినివేయబడుతుంది. క్యాంబెల్ తన తండ్రి సర్ మాల్కం క్యాంబెల్ వదిలివెళ్లిన కె4 అనే పడవను ప్రొపెల్లర్‌తోనే నడిపి, 1951లో కానిస్టన్ సరస్సు మీద పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత సంవత్సరం, 1952 సెప్టెంబరు 29న, జాన్ కాబ్ ‘క్రూసేడర్’ అనే జెట్ పడవను స్కాట్లండ్‌లోని లాక్ నెస్ సరస్సు మీద గంటకు 200 మైళ్లకు మించిన వేగంతో నడుపుతూ, అది ముక్కలైపోగా మరణించాడు. జెట్ ఇంజిన్ వేగాన్ని ఇవ్వగలదనీ, ఆ వేగాన్ని పడవ మేను భరించగలదో లేదో వేరే ప్రశ్ననీ ఆ ప్రమాదం చూపింది. కె7 ఈ రెండు పాఠాల నుంచీ పుట్టింది.

కె7 మూడు బిందువుల హైడ్రోప్లేన్. హైడ్రోప్లేన్ అంటే నీటిని చీల్చుకుని పోకుండా, తగినంత వేగం అందుకున్నాక నీటి ఉపరితలం మీదికి లేచి జారుతూ పోయే పడవ. ముందువైపు రెండు పక్కలా అడ్డదూలాల కొసన స్పాన్సన్లు అనే తేలుడు మేనులు రెండు, వెనక మేను అడుగు ఒకటి: పూర్తి వేగంలో ఈ మూడు చోట్ల, అవీ అరచేతుల వెడల్పున మాత్రమే నీటిని తాకుతాయి. నీటిలో మునిగి సాగే దశ నుంచి పైకి లేచి జారే దశకు మారేటప్పుడు పడవ నిరోధమనే ఒక పెద్ద గట్టును దాటవలసి ఉంటుంది. ఆ గట్టు దాటేవరకు పడవ ముక్కు పైకెత్తి, నీటిని విపరీతంగా చిమ్ముతూ సాగుతుంది; ఇంజిన్‌కు పూర్తి బలం కావలసిందీ అప్పుడే, దాని నోట్లోకి నీళ్లు వెళ్లే ప్రమాదం ఎక్కువగా ఉన్నదీ అప్పుడే.

1955లో ఇంగ్లండ్‌లోని అల్స్‌వాటర్ సరస్సు మీద జరిగిన మొదటి పరీక్షల్లో ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే. కె7లో అమర్చిన ఇంజిన్ మెట్రోపాలిటన్ వికర్స్ సంస్థ తయారుచేసిన బెరిల్, సుమారు 3,500 పౌండ్ల తోపుడు బలం గలది. టర్బోజెట్ అనే ఈ రకపు ఇంజిన్ ముందునుంచి గాలిని పీల్చి, వరుసలుగా తిరిగే రెక్కల కంప్రెసర్‌తో దాన్ని నొక్కి, అందులో ఇంధనాన్ని మండించి, వేడి వాయువును వెనక గొట్టం గుండా వేగంగా వదిలి పడవను ముందుకు నెడుతుంది. బెరిల్‌కు నీటి సాన్నిహిత్యం కొత్తది కాదు. సాండర్స్ రో సంస్థ నీటి మీద దిగి లేచేలా తయారుచేసిన ఎస్.ఆర్.ఎ/1 అనే ఫైటర్ విమానంలో అదే ఇంజిన్ పనిచేసింది. అయినా కె7లో ముందు అడ్డదూలం నీటిని తాకి లేపిన తుంపర గాలి మార్గాల్లోకి దూరి మంటను ఆర్పేసేది, పడవ గట్టు దాటలేకపోయేది. ఇంజిన్‌ను ఎంత విప్పి చూసినా ఈ లోపం దొరికేది కాదు, ఎందుకంటే ఇంజిన్‌లో అది లేనే లేదు. ముందు అడ్డదూలాన్ని పైకి జరిపి, తుంపరను పక్కకు మళ్లించే ఏర్పాట్లు చేశాక పడవ లేచి పరుగెత్తింది. ఆ సంవత్సరం జులై 23న గంటకు 202.32 మైళ్ల వేగంతో ప్రపంచ రికార్డు నెలకొంది. ఇంజిన్ జబ్బుకు మందు దూలంలో దొరికిందన్నమాట.

తర్వాతి తొమ్మిదేళ్లలో కె7 ఆ రికార్డును మళ్లీ మళ్లీ తానే దాటింది. 1959 నాటికి వేగం గంటకు 260.35 మైళ్లు, 1964 డిసెంబరు 31న, పశ్చిమ ఆస్ట్రేలియాలోని డంబుల్‌యంగ్ సరస్సు మీద, 276.33 మైళ్లు, అంటే సుమారు 445 కిలోమీటర్లు. అదే సంవత్సరం జులైలో నేల మీద కారు వేగంలోనూ రికార్డు సాధించి, ఒకే ఏడాదిలో రెండింటినీ అందుకున్న ఏకైక వ్యక్తిగా క్యాంబెల్ నిలిచాడు. ఒకే పడవ, ఒకే ఇంజిన్, ఒకే సిబ్బంది. ఇన్నేళ్లలో ఒక్కోసారి కొన్ని మైళ్ల చొప్పున పెరిగిన ఈ వేగాల వరుసను ప్రయోగ విజ్ఞానంలో ఒక ఉత్తమ ఉదాహరణగా చెప్పుకోవాలి. పడవ గురించి తెలిసినది పెరిగిన మేరకే వేగం పెరిగింది.

1966లో ఆ క్రమం తెగింది. గంటకు 300 మైళ్లు దాటాలన్న సంకల్పంతో బెరిల్‌ను తీసివేసి, బ్రిస్టల్ సంస్థ తయారుచేసిన ఆర్ఫియస్ అనే ఇంజిన్‌ను అమర్చారు. ఆర్ఫియస్ తేలికైనది, దాని తోపుడు బలం సుమారు 4,500 పౌండ్లు, అంటే బెరిల్ కన్నా దాదాపు 29 శాతం ఎక్కువ. ఫోలాండ్ నాట్ అనే చిన్న ఫైటర్ విమానానికి ప్రాణం ఈ ఇంజినే. క్యాంబెల్ దెబ్బతిన్న నాట్ విమానాన్నే కొన్నాడు, దాని తోక రెక్కను సైతం కె7 వెనక నిలబెట్టాడు. తెలుగు పాఠకులకు ఈ విమానం పరాయిది కాదు. భారత వైమానిక దళం 1965 యుద్ధంలో పాకిస్థాన్ సేబర్ జెట్లను నాట్ విమానాలతోనూ ఎదుర్కొంది. బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాటిని లైసెన్సు మీద నిర్మించింది, తాను స్వయంగా తయారుచేసిన మారుత్ ఫైటర్‌లోనూ జంటగా ఆర్ఫియస్ ఇంజిన్లనే వాడింది. నమ్మదగిన ఇంజిన్‌గా దానికి మంచి పేరే ఉంది. కాబట్టి 1966 చలికాలంలో కానిస్టన్ ఒడ్డున ఎదురైన కష్టాలను ఇంజిన్ నాణ్యతకు అంటగట్టడం సరికాదు. కాడికి ఒకపక్క ఎద్దును మార్చినప్పుడు రెండోపక్క ఎద్దు నడక, కాడి వంపు, బండి బరువు అన్నీ మళ్లీ సరిచూసుకోవలసి వచ్చినట్లే, కొత్త ఇంజిన్ చేరగానే పన్నెండేళ్ల పాత పడవలో ప్రతి కలయికా మళ్లీ పరీక్షకు వచ్చింది.

మొదట లొంగిపోయినది గాలి మార్గం. చోదకుడి గదికి రెండు పక్కలా ఉన్న నోళ్ల గుండా గాలి లోపలికి వెళ్లి ఇంజిన్ ముఖం దగ్గర కలుస్తుంది. పడవ వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి తానే లోపలికి తోసుకువస్తుంది కాబట్టి మార్గం గోడలకు పెద్ద కష్టం ఉండదు. పడవ నిలిచి ఉండగానో, ఇంకా మెల్లగా కదులుతుండగానో ఇంజిన్‌ను పూర్తి బలానికి తెచ్చినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. అప్పుడు ఇంజిన్ గాలిని తానే లాక్కోవాలి. మార్గంలో పీడనం బయటి పీడనం కన్నా తగ్గిపోయి, బయటి గాలి గోడలను లోపలికి నొక్కుతుంది. బెరిల్ పీల్చినంత కాలం ఆ గోడలు నిలిచాయి. ఆర్ఫియస్ ఆకలి పెద్దది. గోడలు కుప్పకూలి, వాటి శకలాలు కంప్రెసర్‌లోకి వెళ్లి, ఇంజిన్ పాడైపోయింది. విరిగిన బ్లేడ్లను చూసినవారికి చెడింది ఇంజినే అనిపిస్తుంది. అసలు కారణం ఇంజిన్‌కు ముందే ఉంది. ఇంజిన్‌ను మాత్రమే మార్చి గోడలను అలాగే వదిలేసి ఉంటే రెండో ఇంజిన్ గతీ అంతే అయ్యేది.

గాలి మార్గాన్ని బలపరిచాక రెండో చిక్కు బయటపడింది. డిసెంబరు నడిమికి పడవ గంటకు 250 మైళ్లు దాటి పరుగెత్తింది గాని, ఇంజిన్ తన పూర్తి భ్రమణ వేగాన్ని మాత్రం అందుకోలేదు. ఇలాంటి లోపం విరిగిన భాగం కన్నా కష్టమైనది. ఎందుకంటే ఇంజిన్ మొదలవుతుంది, తిరుగుతుంది, పడవను నడుపుతుంది, చివరి అంచెలో మాత్రమే మొండికేస్తుంది. అనుభవజ్ఞులైన ఇంజిన్ పరీక్షకులు అప్పుడు రెండు ముళ్లను కలిపి చదువుతారు: ఒకటి భ్రమణ వేగం చూపేది, మరొకటి వెనక గొట్టంలో వాయువు వేడిని చూపేది. వేగం తగ్గి వేడి ఎక్కువగా ఉంటే గాలి చాలడం లేదనో, కంప్రెసర్ రెక్కలు దెబ్బతిన్నాయనో అనుమానించాలి. నొక్కిన గాలి తక్కువైనప్పుడు అదే ఇంధనం ఆ గాలిని మరింత వేడెక్కిస్తుంది. వేగమూ వేడీ రెండూ తక్కువగా ఉంటే మంటకు చేరవలసిన ఇంధనమే చేరడం లేదు. ఒక్క ముల్లును చూసి చెప్పలేనిది రెండింటి పొంతన చెబుతుంది. రోగి నాడిని చూసే వైద్యుడి నైపుణ్యానికి దీటుగా నిలిచే ఈ విద్యకు పుస్తకాల్లో దక్కిన గౌరవం చాలా తక్కువ.

కె7లో కొరత ఇంధనానిది. టర్బోజెట్‌లో ఇంధనాన్ని అధిక పీడనంతో మంట గదిలోకి చిమ్మే పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. దానికి తొట్టి నుంచి నిరంతరాయంగా ఇంధనం అందించే బాధ్యత మరో పంపుది. ఇంజిన్ సగం బలంతో పనిచేస్తున్నప్పుడు ఆ సరఫరా సరిపోతుంది. పూర్తి బలానికి గంటకు ఎన్నో రెట్లు ఇంధనం కావలసి వచ్చినప్పుడు మొదటి పంపు ఖాళీ గొట్టాన్ని లాగుతుంది. విమానంలో తొట్టి, గొట్టాలు, పంపులు అన్నీ ఇంజిన్‌తో పాటే రూపకల్పన జరిగి, కలిపే పరీక్షకు నిలిచినవి. పడవలో ఇంజిన్ మాత్రమే వచ్చింది, దాని చుట్టూ ఉన్న సరఫరా వ్యవస్థ పడవకు తగినట్లు మళ్లీ కుదుర్చుకోవలసినదిగా మిగిలింది. ఇంధన వ్యవస్థలో మార్పులు చేసి, ఒక పంపును మార్చాక, డిసెంబరు చివరికి ఈ చిక్కు విడిపోయింది.

ఈ పని అంతా జరిగిన పరిస్థితులను తలచుకుంటే సిబ్బంది మీద గౌరవం పెరుగుతుంది. ప్రధాన మెకానిక్ లియో విల్లా తండ్రి మాల్కం దగ్గరా, తర్వాత కుమారుడు డొనాల్డ్ దగ్గరా దశాబ్దాలపాటు పనిచేసినవాడు. ఉత్తర ఇంగ్లండ్‌లో డిసెంబరు పగలు ఏడు గంటలకు కాస్త మించి ఉండదు. సరస్సు నీరు అద్దంలా ఉంటే తప్ప పడవ నడపరాదు. గాలి, వాన, మంచు వంతుల వారీగా వచ్చేవి. వాతావరణం బాగున్న రోజు యంత్రం మొరాయిస్తుంది, యంత్రం బాగున్న రోజు నీరు కలతబారుతుంది. అలాంటప్పుడు ఒక్కసారికి ఒకే మార్పు చేసి, నడిపి, ఫలితం రాసుకుని, తర్వాతి మార్పుకు పోవాలన్న పరీక్షా నియమాన్ని పాటించడానికి ఎంత ఓర్పు కావాలో ఊహించవచ్చు. మూడు మార్పులు ఒకేసారి చేసి పడవ బాగుపడితే ఆ రోజుకు సంతోషమే; ఏ మార్పు వల్ల బాగుపడిందో తెలియదు కాబట్టి మరుసటి చిక్కు వచ్చినప్పుడు మళ్లీ చీకటిలోనే వెతుక్కోవాలి.

పరీక్షల్లో తేలికగా మరచిపోయే మరో సంగతి ఉంది. ఇంజిన్ బలాన్ని ఒడ్డున, పడవను గట్టిగా కట్టివేసి పరీక్షించవచ్చు. గాలి మార్గాన్ని, ఇంధన సరఫరాను కొంతమేరకు అలాగే సరిచూడవచ్చు. అతివేగంలో పడవ మేను మీద గాలి చూపే ఎత్తుడు బలాన్ని మాత్రం కట్టిన పడవ ఎన్నటికీ చూపలేదు. ఆ బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. డంబుల్‌యంగ్ నాటి 276 మైళ్ల నుంచి 328 మైళ్లకు వేగం పెరిగితే, చూడడానికి ఐదో వంతు కన్నా తక్కువ పెరుగుదల. గాలి ఎత్తుడు బలం మాత్రం దాదాపు 41 శాతం పెరుగుతుంది. పైగా కె7లో ఇంజిన్ తోసే గీత పడవ బరువు కేంద్రానికి పైన ఉంది. కాబట్టి ఇంజిన్ తోస్తున్నంత సేపు ముక్కును కొంత కిందికి నొక్కుతుంది. తోపు హఠాత్తుగా ఆగితే ఆ నొక్కుడు కూడా అదే క్షణంలో పోతుంది. అంటే ఇంజిన్ ఆ పడవను నడపడమే కాక నిలబెడుతోంది కూడా. ఇంజిన్ ఆరిపోతే పడవ మెల్లగా ఆగిపోతుందన్న సహజమైన ఊహ ఇక్కడ చెల్లదు.

1967 జనవరి 4 ఉదయం నీరు నిశ్చలంగా ఉంది. రికార్డు నిబంధన ప్రకారం కొలిచిన కిలోమీటరు దూరాన్ని ఎదురెదురు దిశల్లో రెండుసార్లు, గంటలోపు దాటాలి. ఆ రెండింటి సగటే రికార్డు. మొదటి పరుగు సగటు గంటకు 297.6 మైళ్లు, సుమారు 479 కిలోమీటర్లు. ఆ వేగంతో కిలోమీటరు దాటడానికి పట్టేది ఏడున్నర సెకన్లు. క్యాంబెల్ మళ్లీ ఇంధనం నింపుకోకుండా, మొదటి పరుగు లేపిన అలలు పూర్తిగా అణగకముందే వెనుదిరిగాడు. రెండో పరుగులో గంటకు 328 మైళ్ల వరకు చేరిన పడవ ఎగిరెగిరి పడుతూ, ముక్కు పైకెత్తి, గాలిలో తిరగబడి నీటిని ఢీకొట్టింది. క్యాంబెల్ అక్కడికక్కడే మరణించాడు.

కారణాల మీద చర్చ నేటికీ సాగుతోంది. ఆ పరుగును తీసిన చలనచిత్రంలో పడవ ముక్కు లేచి, వెనక గొట్టం నీటివైపు వంగినప్పుడు కూడా నీటి మీద జెట్ తాకిడి కనిపించకపోవడం వల్ల, ఇంజిన్ అప్పటికే ఆరిపోయిందన్నది ఒక బలమైన వాదం. గాలి మార్గంలోకి గాలి వంకరగా వచ్చినప్పుడు కంప్రెసర్ రెక్కలు పట్టు తప్పి మంట ఆరడం టర్బోజెట్లలో తెలిసిన జబ్బే. డిసెంబరులో వేధించిన ఇంధన కొరత మళ్లీ వచ్చిందేమోనన్న అనుమానమూ చాలాకాలం నిలిచింది. 2001 మార్చి 8న, బిల్ స్మిత్ నాయకత్వంలోని డైవర్లు పడవను సరస్సు అడుగు నుంచి పైకి తెచ్చినప్పుడు ఇంధన గొట్టాల్లో ఇంకా ఇంధనం ఉన్నట్లు కనిపించడం ఆ అనుమానాన్ని బలహీనపరిచింది. మిగిలిన అలలా, వేగానికి తగిన స్థిరత్వం లేకపోవడమా, ఇంజిన్ ఆగడమా అని ఒక్కదాన్ని ఎంచి చెప్పాలనే కోరికే ఇక్కడ తప్పుదారి పట్టిస్తుందనిపిస్తుంది. అలలు ముక్కును లేపాయి, లేచిన ముక్కు గాలి దారిని మార్చింది, మారిన గాలి ఇంజిన్‌ను ఆర్పి ఉండవచ్చు, ఇంజిన్ ఆగితే ముక్కును పట్టి ఉంచేది లేదు. ఈ గొలుసులో ఏ లంకె కూడా ఒంటరిగా లోపభూయిష్టం కాదు. 1955లో తుంపర రూపంలోనూ, 1966లో కూలిన గోడల రూపంలోనూ కనిపించినదే ఆ ఉదయం ప్రాణాంతకమైన రూపంలో కనిపించింది.

పదకొండేళ్ల తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన కెన్ వార్బీ ఇదే సమస్యను మరో దారిలో ఎదుర్కొన్నాడు. సిడ్నీలో తన ఇంటి పెరట్లో కర్రతో పడవను కట్టి, సైన్యం అమ్మేసిన మిగులు సామగ్రిలోంచి చవగ్గా కొన్న వెస్టింగ్‌హౌస్ జె34 ఇంజిన్‌ను అందులో పెట్టాడు. ఆ ఇంజిన్ ఆర్ఫియస్ కన్నా బలహీనమైనది. పడవ ఒక్కో వేగం దగ్గర ఎలా ప్రవర్తిస్తోందో తెలుసుకుంటూ, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్యుడు టామ్ ఫింక్ వంటివారి సలహాతో దాన్ని సవరించుకుంటూ, వార్బీ ఏళ్ల తరబడి మెట్టు మెట్టుగా వేగం పెంచాడు. 1977 నవంబరులో గంటకు 288.6 మైళ్లు, 1978 అక్టోబరు 8న, బ్లోవరింగ్ జలాశయం మీద, 317.6 మైళ్లు, అంటే సుమారు 511 కిలోమీటర్లు. ఆ రికార్డు ఇంకా నిలిచే ఉంది. బలం తక్కువైన ఇంజిన్‌తో ఎక్కువ వేగపు రికార్డు సాధ్యమైందంటే, కె7కు కొరవడినది బలం కాదన్న మాట నిర్మొహమాటంగా చెప్పవచ్చు.

కె7ను కూడా ఏళ్ల శ్రమతో పునర్నిర్మించి, 2018 ఆగస్టులో స్కాట్లండ్‌లోని బ్యూట్ ద్వీపంలో లాక్ ఫ్యాడ్ సరస్సు మీద మళ్లీ నడిపారు. రికార్డు వేగాల జోలికి పోని ఆ పరుగుల్లో చోదకుడు, మెకానిక్కులు మళ్లీ తుంపర, గాలి, ఇంధనం అనే పాత ప్రశ్నల నుంచే మొదలుపెట్టవలసి వచ్చింది. పునర్నిర్మాణంలో మారిన ప్రతి భాగమూ కొత్త కలయికే కదా. కెన్ వార్బీ 2023లో కన్నుమూశాడు. ఆయన కుమారుడు డేవిడ్, తండ్రితో కలిసి కట్టిన ‘స్పిరిట్ ఆఫ్ ఆస్ట్రేలియా 2’ అనే పడవను అదే బ్లోవరింగ్ జలాశయం మీద పరీక్షిస్తూ వచ్చాడు. అందులో ఉన్న ఇంజిన్ ఇటలీకి చెందిన ఫియట్ జి.91 విమానం నుంచి తీసిన ఆర్ఫియస్. ఒక వేగం దగ్గర పడవ నిలకడ తేలాకనే తర్వాతి వేగానికి పోవాలన్న తండ్రి పద్ధతినే ఆ జట్టు పాటిస్తోంది, రికార్డు తేదీ ఎప్పుడని అడిగేవారి తొందరను లెక్కచేయకుండా.